మా బావగారి సముద్రం

మా అక్కయ్య కాపురం అమెరికాలో. డల్లాస్ నగరం శివార్లలో ఇల్లు. అక్కడి నుంచి సముద్రం చూడాలంటే కారులో అయిదు గంటల ప్రయాణం. నేనేమో పుట్టి పెరిగిందీ, ఇప్పుడు కాలేజీలో తెలుగు చెబుతున్నదీ కాకినాడలో. సముద్రం మా ఊరి పొలిమేర. అటువంటి నేను 2024 వేసవి సెలవులకు అక్కయ్య ఇంటికి వెళ్లి, ఆ మెట్ట ప్రదేశంలో, హాలులో ఒక మూల, మూడడుగుల గాజుతొట్టిలో సముద్రాన్ని చూశాను. చూసి ఊరుకుంటే బాగానే ఉండేది. వారం రోజులు దానికి ధర్మకర్తగా కూడా ఉన్నాను. ఆ వారంలో దాని ప్రాణం మీదికి తెచ్చాను. ఆ కథే ఇది.

గుమ్మంలో అడుగుపెట్టగానే అక్కయ్య హెచ్చరించింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఈ ఇంట్లో ఎక్కడైనా కూర్చో, ఏదైనా ముట్టుకో. ఆ తొట్టిలో మాత్రం వేలు పెట్టకు. అది మీ బావగారి రెండో సంసారం!"

బావగారు కంప్యూటర్ ఇంజనీరు. కాకినాడలో ఉన్న రోజుల్లో పెరట్లో మల్లెపాదుకు చెంబెడు నీళ్లు పోయమంటే "రేపు చూద్దాం" అనే మనిషి. అటువంటి ఆయన ఇప్పుడు తెల్లవారగానే, కాఫీ అయినా ముట్టకుండా, తొట్టి ముందు నిలబడుతున్నారు. చిన్న గాజుసీసాలో నీళ్లు తీసి, అందులో మందు చుక్కలు లెక్కపెట్టి వేసి, ఎన్నో చుక్కకు రంగు మారిందో చూసి, ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నారు. మా అక్కయ్య వంటింట్లోంచి, "పెళ్లయిన ఇన్నేళ్లలో నా జ్వరం ఒక్కసారీ ఇలా రాసుకోలేదు" అంటున్నది.

అయినా ఆ తొట్టి ముందు నిలబడితే బావగారి మీద కోపం రాదు. నీలి వెలుగులో రాళ్ల గుట్ట. దాని మీద ఊదా, ఆకుపచ్చ, నారింజ రంగుల్లో ఏవేవో పూచి ఉన్నాయి. కొన్ని జింక కొమ్ముల్లా కొమ్మలు వేశాయి. ఒకటి అచ్చం మెదడులాగా మడతలు పడి ఉంది. ఒక రాతి నిండా చొక్కా బొత్తాలు పరిచినట్లు చిన్న చిన్న గుండ్రాలు. మధ్యలో ఒక గుత్తి, వరికంకులు గాలికి ఊగినట్లు, నీటి వాలుకు ఊగుతున్నది.

"ఎన్ని రకాల మొక్కలు పెంచుతున్నారు బావగారూ!" అన్నాను.

ఆయన నా వంక జాలిగా చూశారు. "మొక్కలు కావోయ్ మాస్టారూ. ఇవన్నీ ప్రాణులు. పగడాలు."

మొక్కా? ప్రాణా?

నేను సిగ్గుపడ్డ మాట నిజమే కాని, ఆ పొరపాటు నా ఒక్కడిదే కాదు. మన మాటల్లోనే ఉంది. పగడానికి సంస్కృతంలో ప్రవాళమని పేరు. ప్రవాళమంటే లేత చిగురు కూడాను. ఇంకొక పేరు విద్రుమం. అందులో ద్రుమమంటే చెట్టే! ఇరవై ఏళ్లుగా తరగతిలో నాయికల పెదవులను పగడాలతో పోల్చిన పద్యాలకు అర్థాలు చెప్పాను. పగడానికే పెదవులుంటాయని, నోరుంటుందని, ఆకలి వేస్తుందని నాకు అంతవరకూ తోచలేదు.

పాశ్చాత్యులూ మనలాగే భ్రమపడ్డారు. నీటిలో ఉండగా పగడపు కొమ్మ మీద కనబడే తెల్లని రేకులను చూసి, పగడం పూస్తుందనుకున్నారు. 1720ల్లో పెయ్సోనెల్ అనే ఫ్రెంచి వైద్యుడు అప్పుడే తీసిన పగడాన్ని సముద్రపు నీటిలో ఉంచి ఓపికగా గమనించాడు. ముట్టుకుంటే ముడుచుకుంటున్నవి, వదిలితే విచ్చుకుంటున్నవి పూలు కావు, పురుగుల వంటి ప్రాణులని చెప్పాడు. పారిస్ పండితులు నమ్మలేదు. అక్కడి అకాడమీలో ఆ సంగతి చదివి వినిపించిన రెయోమూర్ అనే పెద్ద శాస్త్రజ్ఞుడు, పాపం ఇతని పరువు పోతుందని కాబోలు, పేరైనా చెప్పకుండా దాచాడట. 1740ల్లో మరి కొందరు పరిశీలించి అదే మాట అన్న తరువాత గాని ఆ వైద్యుడి మాటకు విలువ రాలేదు.

ఆ రాత్రి పెద్ద దీపాలు ఆరిన తరువాత బావగారు నన్ను తొట్టి దగ్గరకు పిలిచారు. మెదడు పగడం మడతల అంచుల్లో సన్నని తంతువులు బయటికి వచ్చి ఉన్నాయి. ఆయన చిన్న గొట్టంతో నలకంత రొయ్యపొడి వదిలారు. తంతువులు దాన్ని అందుకుని మెల్లిగా నోటి వైపు జరిపాయి. నేను ఊపిరి బిగబట్టి చూశాను. రాయి అన్నం తింటున్నది!

అద్దె ఇచ్చే నాచు

అసలు కథ ఏమిటంటే, పగడమనేది ఒక్క జీవి కాదు. ఒకే రకం చిన్న ప్రాణులు వందలు, వేలు కలిసి కాపురం చేసే లోగిలి. ఒక్కొక్కటి చిన్న సంచి. పైన ఒక నోరు, చుట్టూ తంతువులు. అది కూర్చున్న చోటనే నీటిలోని కాల్షియాన్ని తీసుకుని, తన కింద తాను సున్నపురాయి ఇల్లు కట్టుకుంటుంది. ఆ ఇళ్ల మీద ఇళ్లు లేచి, వేల ఏళ్లకు దీవులంత గుట్టలవుతాయి. మన లక్షద్వీపాలు అలా వచ్చినవే.

ఆ సంచి గోడల్లో కంటికి కనబడని నాచు కణాలు అద్దెకుంటాయి. ఎండ తగిలితే ఆ నాచు చక్కెరలు తయారుచేస్తుంది. వాటిలో ఎక్కువ భాగం ఇంటి యజమానికి అద్దె కింద చెల్లిస్తుంది. తోటలు వేసే పగడాల తిండిలో పెద్ద వాటా ఇదే. నోటితో తినేది పైచిలుకు. యజమాని విసర్జించినది నాచుకు ఎరువు. తనలోని పదార్థాలతో పగడం కొంత రంగు పెట్టుకున్నా, ఆ గోధుమ, ఆకుపచ్చ ఛాయలు చాలావరకు ఈ అద్దెదారువే.

ఈ పొత్తు చెడితే పగడానికి చేటుకాలం. నీరు మామూలు వేసవికంటే ఒక్క డిగ్రీ ఎక్కువగా కొన్ని వారాలు వేడెక్కితే చాలు, పగడం ఆ నాచును బయటికి వెళ్లగొడుతుంది. అప్పుడు దాని ఒళ్లు గాజులా పారదర్శకమై, లోపలి సున్నపు ఎముక తెల్లగా కనబడుతుంది. అప్పటికి అది చావలేదు, పస్తుంటున్నది. నీరు త్వరగా చల్లబడితే నాచు తిరిగి చేరవచ్చు. లేకుంటే ఆకలితో చస్తుంది.

"అందుచేత," అన్నారు బావగారు, "పగడం పెంచడమంటే పగడాన్ని పెంచడం కాదోయ్. నీళ్లను పెంచడం."

నీళ్లను పెంచడం

ఆ నీళ్ల లెక్కలు ఆయన నాకు రెండు సాయంత్రాలు చెప్పారు. వేడి 25, 26 డిగ్రీల మధ్య. ఉప్పు కిలో నీటికి 35 గ్రాములు. కాల్షియం లీటరుకు 400 మొదలు 450 మిల్లీగ్రాములు. మెగ్నీషియం సుమారు 1300. క్షారత 8, 9 డిగ్రీలు. పగడాలు ఇల్లు కట్టుకుంటున్న కొద్దీ కాల్షియం, క్షారత రెండూ తరుగుతాయి కనుక, తరిగినంత రోజూ కొలిచి కలపాలి. ఆ నోటుపుస్తకం అందుకే.

కుళాయి నీరు పనికిరాదు. అందులో క్రిములను చంపడానికి కలిపిన మందు ఉంటుంది. ఒక్కొక్కచోట గొట్టాల రాగి కూడా దిగుతుంది. రాగి పగడానికి విషం. అందుచేత నీటిని సన్నని జల్లెడల వంటి వాటి గుండా వడకట్టి, ఉప్పూ ఖనిజాలూ ఏవీ లేని శుద్ధజలం చేసుకుని, అందులో కొలిచిన ఉప్పు కలుపుతారు. ఈ ఉప్పు మన పోపులపెట్టెలోది కాదు. సముద్రంలో ఉండే ఖనిజాలన్నీ పాళ్లు తప్పకుండా కలిపిన పొడి.

తొట్టి వెనుక ఒక గొట్టం బుసబుస నురగలు కక్కుతూ ఉన్నది. బెల్లం వండేటప్పుడు పైకి తేలిన తెట్టు తీసినట్లు, అది నీటిలోని మురికిని నురుగుతో పైకి తెచ్చి ఒక గిన్నెలో పోస్తుంది. మిగిలిన మురికిని రాళ్లలో నివాసమున్న సూక్ష్మజీవులు మార్చుకుంటాయి. కొత్త తొట్టిలో ఆ జీవులు పట్టుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. పాత తొట్టిలోని రాయి ఒకటి తెచ్చి వేస్తే త్వరగా పడతాయి. మనం పాలలో తోడు వేసినట్లే. తోడు వేసి గంటకోసారి మూత తీసి చూస్తే పెరుగు తోడుకోదు. ఇక్కడా అంతే. తొందరపడి మొదటి వారంలోనే పగడాలు తెచ్చి వేసినవాళ్లు చాలామంది రెండో నెలలో తొట్టి అమ్ముకుంటారట.

వెలుతురు రోజుకు ఎనిమిది, పది గంటలు. కొత్తగా తెచ్చిన పగడాన్ని ముందు అడుగున నీడలో పెట్టి, వారానికి కొంచెం చొప్పున పైకి జరపాలి. నీడపట్టున పెరిగిన పిల్లను ఒక్కసారిగా రోహిణీకార్తె ఎండలో నిలబెట్టకూడదు గదా! నీటి వాలు కూడా ముఖ్యం. పగడం కదలలేదు. దాని తిండి దాని దగ్గరకు రావాలి, దాని చెత్త దాని మీదనుంచి కొట్టుకుపోవాలి. అందుకని రెండు చిన్న పంఖాలు వంతులవారీగా అటూ ఇటూ నీటిని తోస్తుంటాయి.

ఇంకొక జాగ్రత్త ఆయన మరీ మరీ చెప్పారు. ఆ బొత్తాల పగడం ఉన్నదే, దాని జాతిలో కొన్నింటికి భయంకరమైన విషం ఉంటుంది. చేతికి రబ్బరు తొడుగు, కంటికి అద్దాలు లేకుండా వాటిని కోయరాదు. అవి పట్టిన రాతిని శుభ్రం చేద్దామని వేడినీళ్లలో మరిగించరాదు. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి. అక్కయ్య వేలు పెట్టవద్దన్నది ఊరికే కాదు.

"మరి ఇవన్నీ సముద్రంలోంచి విరిచి తెచ్చినవేనా?" అని అడిగాను.

"ఒక్కటీ కాదు. ఇవన్నీ పిలకలు" అన్నారాయన.

అరటికి పిలక వేసినట్లే, పెరిగిన పగడం నుంచి వేలెడు ముక్క కోసి, వేరొక రాతికి జిగురుతో అంటిస్తే, అది అక్కడ కొత్త కాపురం మొదలుపెడుతుంది. జిగురంటే ఏదో దివ్యౌషధం కాదు. మనం చెప్పు తెగితే వాడే తక్షణ జిగురు వంటిదే, కాస్త చిక్కగా ఉంటుంది. ఆ ఊళ్లో పగడాలు పెంచేవాళ్లు నెలకొకసారి కలుసుకుని, మన పేరంటాళ్లు గోరింటకొమ్మలు ఇచ్చిపుచ్చుకున్నట్లు, పిలకలు మార్చుకుంటారు.

మంచినీళ్ల కథ

ఇంతవరకు బాగానే ఉంది. నేను వెళ్లిన మూడో వారంలో బావగారికి ఆఫీసు పని మీద వేరే ఊరు పది రోజులు వెళ్లవలసి వచ్చింది. మేనల్లుడు కాలేజీ ఊళ్లో ఉంటాడు, ఆదివారం గాని రాడు. అక్కయ్య "నాకు దాని జోలి వద్దు" అన్నది. ఇక మిగిలినవాడిని నేను.

తొట్టిలో నీరు రోజుకు నాలుగు లీటర్లు ఆవిరవుతుంది. తరిగినంత దానంతట అదే పోసే చిన్న మోటారు ఒకటుంది గాని, అది అప్పుడే చెడిపోయింది. కొత్తది రావాలి. బావగారు గాజు మీద ఒక గీత చూపించి, ప్రయాణపు హడావుడిలో చెప్పారు. "మాస్టారూ, రోజూ ఈ గీత వరకు మంచినీళ్లు పోయండి. అంతే పని."

పెరటి గదిలో రెండు డబ్బాలున్నాయి. ఒకదానిలో వడకట్టిన శుద్ధజలం. రెండోదానిలో వారానికొకసారి నీరు మార్చడానికని కలిపి పెట్టిన ఉప్పునీరు. మొదటిరోజు శుద్ధజలం డబ్బా ఎత్తి, ఆగిపోయాను. నాలోని పండితుడు మేల్కొన్నాడు. "సముద్రపు జీవులకు మంచినీళ్లా? సముద్రపు నీరు తరిగితే సముద్రపు నీరే గదా పోయాలి! పాపం, బావగారు కంగారులో నోరు జారారు. మంచినీళ్లంటే మంచివైన నీళ్లు, అంటే తగిన నీళ్లు అని తాత్పర్యం" అని అర్థం చెప్పుకున్నాను. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని అదే గదా! ఉప్పునీటి డబ్బా ఎత్తి గీత వరకు పోశాను. ఏడు రోజులూ అలాగే పోశాను.

నాలుగో రోజుకు వరికంకుల గుత్తి ఊగడం మానింది. అయిదో రోజుకు బొత్తాలన్నీ ముడుచుకున్నాయి. యజమాని లేక బెంగ పెట్టుకున్నాయి కాబోలు అనుకున్నాను. బెంగకు మందు తిండి. ఇంకొంచెం రొయ్యపొడి ఎక్కువ వేశాను. అది తినక, అడుగున చేరి, నీరు ఇంకా పాడయింది.

ఆదివారం మేనల్లుడు వచ్చాడు. తొట్టి చూడగానే వాడి మొహం మారింది. ఒక చుక్క నీరు తీసి, దుర్భిణిలాంటి చిన్న గొట్టం అద్దం మీద వేసి, వెలుతురుకు పెట్టి చూశాడు.

"మామయ్యా, మీరు ఏ డబ్బాలో నీళ్లు పోశారు?"

చెప్పాను. వాడు నన్ను ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధించింది.

సంగతి విప్పి చెబుతాను. ఆవిరయ్యేది నీరు ఒక్కటే. ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది. కనుక పోయవలసినది ఉప్పు లేని నీరే. చారు మరిగి చిక్కబడితే అందులో నీళ్లు పోస్తాం గాని, ఇంకొక గరిటె ఉప్పుచారు పోయం గదా! మా అక్కయ్యకు తెలిసిన ఈ మాత్రం సంగతి నాకు తట్టలేదు. రోజుకు నాలుగు లీటర్ల చొప్పున ఏడు రోజులకు 28 లీటర్లు. లీటరుకు 35 గ్రాముల ఉప్పు. వెరసి దాదాపు కిలో ఉప్పు అదనంగా ఆ 200 లీటర్ల నీటిలో పడింది. 35 ఉండవలసిన ఉప్పదనం 40కి ఎక్కింది. ఆవకాయ జాడీలో మామిడిముక్క నీరు వదిలి ముడుచుకున్నట్లు, ఆ ప్రాణులు ఒంట్లో నీరు పోయి ముడుచుకున్నాయి.

జింక కొమ్ముల పగడం మొదట్లో, రెండంగుళాల మేర, మాంసం ఊడి తెల్లని ఎముక తేలింది. నేను దాని వంక చూడలేకపోయాను.

వెంటనే శుద్ధజలం డబ్బా తెచ్చాను. "ఎన్ని లీటర్లు పోస్తే సరిపోతుంది? ఇప్పుడే సరిచేసేద్దాం" అన్నాను. మేనల్లుడు నా చెయ్యి పట్టుకుని ఆపి, బావగారికి ఫోను కలిపాడు. నేను క్షమాపణలు మొదలుపెట్టాను. ఆయన వాటిని విననివ్వలేదు.

"మాస్టారూ, తప్పు చేశామని కంగారుపడి ఒక్కరోజులో దిద్దబోతే అది రెండో తప్పు అవుతుంది. అవి ఆ ఉప్పుకు ఎలాగో తట్టుకుని నిలబడి ఉన్నాయి. ఇప్పుడు ఒక్కసారిగా నీరు పలచన చేస్తే, ఎండుద్రాక్ష ఉబ్బినట్లు కణాలు ఉబ్బి చస్తాయి. అయిదు డిగ్రీలు ఎక్కింది గనుక అయిదు రోజులకు తక్కువ కాకుండా దించాలి. రోజుకు ఒక్క డిగ్రీ."

లెక్క వాడే కట్టాడు. రోజూ అయిదు లీటర్ల ఉప్పునీరు తోడి, దానికి బదులు అయిదు లీటర్ల శుద్ధజలం గంటల తరబడి, సన్నని గొట్టంలోంచి చుక్కచుక్కగా వదలాలి. ఆవిరైనది ఆవిరైనట్టు వేరే పోయాలి. తిండి బంద్. దీపాలు సగం. ఇక చేయవలసినదల్లా ఊరుకోవడం.

ఊరుకోవడం ఎంత కష్టమో ఆ అయిదు రోజుల్లో నాకు తెలిసింది.

సూదీ దారమూ

నిద్రపట్టక, పగడాలను ఇంటికి తెచ్చిన మొదటి మనుషులెవరా అని చదవడం మొదలుపెట్టాను. 1846లో అన్నా థిన్ అనే ఇంగ్లీషు ఇల్లాలు టోర్కే అనే సముద్రతీరపు ఊరికి వెళ్లి, అక్కడి రాతి పగడాలను చూసి ముచ్చటపడి, జాడీలో వేసుకుని లండనుకు తెచ్చింది. ఆమె భర్త వెస్ట్‌మిన్‌స్టర్ దేవాలయంలో మతాధికారి. ఆ కాలంలో మోటార్లు లేవు, కరెంటు దీపాలు లేవు. పగడం పడిపోకుండా, నీరు మార్చడానికి వీలుగా, ఒక పెద్ద స్పాంజి ముక్కకు సూదీ దారంతో కుట్టి నీటిలో ఉంచింది. తీరం నుంచి తెప్పించిన నీరు చాలనప్పుడు ఏమి చేసిందో తెలుసునా? ఇంటి పనిమనిషి చేత, తెరచిన కిటికీ ముందు, ఆ నీటినే అరగంట, ముప్పావుగంట సేపు ఒక పాత్రలోంచి మరొక పాత్రలోకి ధారగా పోయించేది. మనం వేడి కాఫీ తిరగబోసినట్లు! గాలి కలిసి నీరు బ్రతికేది, నీటితో పగడాలు బ్రతికేవి. శాస్త్రజ్ఞులు అక్వేరియం గురించి పెద్ద పెద్ద పుస్తకాలు రాయడానికి ముందే, ఒక ఇల్లాలూ ఒక పనిమనిషీ రోజూ తప్పని ఓపికతో ఆ పని చేసి చూపారు.

ఆ తరువాత నూరేళ్లకు పైగా గడిచాక, 1961లో ఇండొనేషియావాసి లీ చిన్ ఎంగ్ అనే ఆయన, జీవమున్న రాళ్లూ, గాలి బుడగలూ తప్ప మరేమీ లేకుండా ఇంటి తొట్టిలో పగడాలను నిలిపిన తన పద్ధతిని ఒక పత్రికలో రాశాడు. ఇప్పుడు బావగారి తొట్టిలో ఉన్న రాళ్లు ఆ ఆలోచనకు మనుమలు.

అయిదో రోజు సాయంత్రం ఉప్పదనం 35కు దిగింది. ఆ మరునాడు పొద్దున్న కాఫీ గ్లాసుతో తొట్టి దగ్గరకు వెళ్లి చూస్తే, రాతి మూల ఒకే ఒక్క బొత్తం విచ్చుకుని ఉన్నది. నేను అక్కయ్యను కేకేశాను. ఆమె అట్లకాడతో సహా పరుగెత్తుకు వచ్చింది. జోలి వద్దన్న మనిషి అక్కడే పది నిమిషాలు నిలబడింది. మధ్యాహ్నానికి సగం బొత్తాలు విచ్చాయి. రెండు రోజులకు వరికంకులు మళ్లీ ఊగాయి.

జింక కొమ్ములు మాత్రం కోలుకోలేదు. తెలుపు మొదట్నుంచి పైకి పాకుతూనే ఉంది. బావగారు తిరిగి వచ్చి, చూసి, ఒక్క మాటా అనకుండా కత్తెర తీశారు. ఇంకా రంగు మిగిలి ఉన్న మూడు కొసలను, తెలుపుకు పైన బాగా ఎడంగా కత్తిరించి, మూడు రాతిబిళ్లలకు అంటించి తొట్టి అడుగున నీడలో పెట్టారు. మూడేళ్లుగా ఆయన పెంచిన పగడమది. తెల్లని మోడును కడిగి నా చేతిలో పెట్టినప్పుడు దాని బరువు ఇంత అని చెప్పలేను.

గీత పెట్టే చేయి లేదు

ఆ వేసవిలోనే, ఏప్రిల్‌లో, ప్రపంచమంతటా పగడాల తోటలు తెల్లబడుతున్నాయని శాస్త్రజ్ఞులు ప్రకటించారు. 1998, 2010, 2014 మొదలు 2017 వరకు, ఆ తరువాత 2023లో మొదలైన ఇది నాలుగోసారి. మన లక్షద్వీపాలు, అండమాన్, మన్నార్ సింధుశాఖ తోటలు కూడా ఈ వేడి దెబ్బలు తిన్నవే. ఈ తోటలు సముద్రపు అడుగులో నూటికి ఒక వంతు కూడా లేవు. అయినా సముద్రజీవుల రకాల్లో పావువంతు వాటిని ఆశ్రయించి బ్రతుకుతాయి.

పగడానికి మార్పు కొత్త కాదు. వేల ఏళ్ల మీద సముద్రం ఎక్కింది, దిగింది. అవీ వాటితోబాటు జరిగాయి. ఇప్పటి ఇబ్బంది మార్పు వేగం. నా ఏడు రోజుల ఉప్పులాంటిది. నా తప్పుకు బావగారి తొట్టిలో ఒక గీత ఉన్నది, కొలిచే అద్దం ఉన్నది, చెయ్యి పట్టుకు ఆపే మేనల్లుడు ఉన్నాడు. సముద్రానికి అవి లేవు. అక్కడ వేడిని రోజుకు ఒక డిగ్రీ చొప్పున దించే గొట్టం ఎవరూ పెట్టలేరు. ఎక్కకుండా చూడడమొక్కటే మార్గం.

కాకినాడ తిరిగి వచ్చాక ఆ తొట్టి ఫొటోలు చూసి మా అమ్మాయి, "నాన్నా, మనమూ పెట్టుకుందాం" అన్నది. నాకూ ఆశ పుట్టిన మాట నిజం. కాని మన దేశంలో చట్టం ఒప్పదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో, తోటలు కట్టే రాతి పగడాలను, నల్ల పగడాలను, అగ్ని పగడాలను, సముద్రపు విసనకర్రలను 2001లో పులితో సమానంగా మొదటి జాబితాలో చేర్చారు. సముద్రం నుంచి తీయడం, అమ్మడం, కొనడం నేరం. తీరాల్లో దుకాణాలవాళ్లు రహస్యంగా చూపించే ఎండు పగడపు కొమ్మలకూ ఇదే వర్తిస్తుంది. ముచ్చటపడి కొని షోకేసులో పెట్టుకునే ఇల్లాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మా ఆవిడ ఇది విని ఉలిక్కిపడి మంగళసూత్రాలు చూసుకున్నది. వాటి నడుమ రెండు పగడాలున్నాయి. ఆ భయం లేదన్నాను. అది వేరే జాతి, మధ్యధరా సముద్రపు లోతుల్లో పుట్టే ఎర్ర పగడం. కాని అదీ ప్రాణి కట్టిన ఇల్లే. లావు ఏడాదికి ఒక మిల్లీమీటరైనా పెరగదు. ఆ మాట విన్నప్పటినుంచి, పూసలు గుచ్చేవాడి దగ్గర ఇంకో రెండు చేర్పిద్దామన్న ఆలోచన ఆమె మానుకున్నది.

మొన్న మేనల్లుడు ఫొటో పంపాడు. అంటించిన మూడు కొసల్లో ఒకటి పోయింది. రెండు నిలిచాయి. వాటి మొదట్లో ఊదా రంగు మాంసం రాతిబిళ్ల మీదికి చీరకుచ్చెళ్లలా పరుచుకున్నది. అంటే కాలు నిలదొక్కుకున్నదన్నమాట.

ఫొటోలో వెనుక పెరటి గదిలోని రెండు డబ్బాలు కూడా కనబడుతున్నాయి. బావగారు వాటికి పెద్ద తెలుగు అక్షరాలతో కాగితాలు అంటించారు. ఒకదాని మీద "మంచినీళ్లు". రెండోదాని మీద "ఉప్పునీళ్లు". మొదటి కాగితం కింద, ఇంకా చిన్న అక్షరాలతో: "మంచినీళ్లంటే మంచినీళ్లే, మాస్టారూ!"